పడుచువాళ్ళ మడుగు

చచ్చినవాళ్ళకు ఆకలి ఉంటుందా ఉండదా అని వోలోమేరాలో ఎవరూ వాదించుకోరు. ఎందుకుండదు? బతికినన్నాళ్ళూ ప్రాణం తోడేసిన ఆకలి, ప్రాణం పోగానే మర్యాదగా సెలవు పుచ్చుకుంటుందా? ఆ ఊళ్ళో వాదనలన్నీ అన్నం ఎక్కడ పెట్టాలన్న దానిమీదే. వెయా కొడుకు మెన్సి పోయి, వానలు వెనకబట్టి, తోటల్లో కాఫీ పళ్ళు ఎర్రబడినా తెగని గొడవ కూడా అదే.

ఊరి పైనున్న కెలిముతు కొండ నెత్తిన మూడు మడుగులున్నాయి. ఒకప్పుడు నిప్పులు కక్కిన నోళ్ళే, ఇప్పుడు నీళ్ళు పట్టుకుని కూర్చున్నాయి. ముసలివాళ్ళదొకటి, పడుచువాళ్ళదొకటి, చెడ్డవాళ్ళదొకటి. ఆ కొండ కింద పుట్టినవాళ్ళు, మెట్టినవాళ్ళు ఎవరు పోయినా ఈ మూడింట్లో ఒకదానికి చేరాల్సిందే. చర్చిలో ఫాదరు తన పని తాను చేస్తాడు, పైలోకం సంగతి ఆయన చూసుకుంటాడు. మడుగు సంగతి ఇంటివాళ్ళు చూసుకోవాలి. పోయిన మనిషి కొన్నాళ్ళు కొండ చుట్టూ దిక్కులేకుండా తిరుగుతాడు. తల్లి అన్నం మోసుకెళ్ళి ఏ మడుగు ఒడ్డున పెట్టి పేరుతో పిలుస్తుందో ఆ మడుగులోకి దిగుతాడు. తల్లి లేకపోతే పెళ్ళాం పిలవాలి. పిలిచినవాళ్ళు కొండ దిగారంటే అంతే, ఇంక మార్పు లేదు.

పెళ్ళయినవాడు ఎంత చిన్నవాడైనా ముసలివాళ్ళలో లెక్క. పెళ్ళికానివాడు పడుచువాడు. మరి మెన్సి ఎవరు? చిక్కంతా అక్కడే వచ్చింది.

దెల్ఫీనా అతని ఇంటికి వచ్చి ఏడాది దాటింది. అన్నం వండింది, మగ్గం మీద అతనికి లుంగీ నేసింది, అతని పక్కన పడుకుంది. ఊరి పెద్దల ముందు ఇద్దరూ ఒకే పళ్ళెంలో అన్నం తినే తంతు ఒక్కటే మిగిలిపోయింది. కోతలయ్యాక చేద్దామనుకున్నారు. మెన్సి రోజూ తెల్లారకుండానే మోటారుసైకిల్ మీద టూరిస్టుల్ని మడుగుల దగ్గరికి చేర్చేవాడు. ఒక వాన పొద్దున, ఒంటరిగా దిగి వస్తుంటే రోడ్డు పక్క గట్టు విరిగి మీద పడింది. కోతలు ఆ తర్వాత వచ్చాయి. ఎవరికి కావాలి ఆ కోతలు?

పెద్దలు కూర్చుని వక్కలు నమిలారు. ఒకే కప్పు కింద ఉన్నారు కాబట్టి మొగుడే అని కొందరు, పళ్ళెం లేకపోతే పెళ్ళి ఎక్కడిదని కొందరు. ఊరి పెద్ద గోడమీద పిల్లిలా ఇటూ అటూ చూసి, చివరికి బరువు తనమీద లేకుండా చూసుకున్నాడు.

"కన్నతల్లి నోటిమాటే చెల్లుతుంది. ఆవిడ ఎక్కడ పిలిస్తే అక్కడే."

కన్నతల్లి వెయా నాన్చలేదు. "పడుచువాళ్ళ మడుగే. నా కొడుక్కి పెళ్ళి కాలేదు," అనేసింది.

ఆ మాట వంటింట్లో ఉన్న దెల్ఫీనా విన్నది. కోడలు కాదన్నందుకు ఏడవలేదు. నెత్తిన పెట్టుకోవడానికి ఆ ఇంట్లో ఏముంది గనక, రెండు పందులూ ఒక మగ్గమూను. ఆమె ఏడుపు వేరు. మడుగుకూ మడుగుకూ మధ్య రాకపోకల్లేవు. ఆమె ఎప్పుడో ముసలిదై చచ్చిపోతే ముసలివాళ్ళ మడుగుకు పోతుంది. మెన్సి పడుచువాళ్ళ మడుగులోనే ఉండిపోతాడు. బతికుండగా ఏడాదే దక్కిన మనిషి చచ్చాకైనా దక్కుతాడనుకుంటే, ఆ ఆశ కూడా అత్త నోటిమాటతో పోతోంది. ఆదివారం సముద్రపు ఒడ్డునుంచి అన్నలు వచ్చి తనను తీసుకుపోతారు. ఆ తర్వాత మెన్సి తనకు ఏమీ కాడు, ఈ లోకంలోనూ కాడు, ఆ లోకంలోనూ కాడు.

అయినా కొండకు తోడు వెళ్ళాల్సింది ఆమే అయింది. వెయా ఎడమ కంట్లో తెల్లపొర, కుడి కంట్లో మసక. వెలుగూ నీడా తెలుస్తాయి, అంతకు మించి తెలియదు. అడిగిన చుట్టాలందరికీ ఆ రోజే పనులు పడ్డాయి.

"నేనొస్తానత్తా," అన్నది దెల్ఫీనా.

"నువ్వా? సముద్రం పిల్లవి. సగం దారిలో కూలబడితే నిన్నెవరు మొయ్యాలి?"

"నువ్వు మొయ్యొద్దులే."

"నోటికేం తక్కువ లేదు," అన్నది వెయా. రావద్దని మాత్రం అనలేదు.

తెల్లవారుతుండగా బయల్దేరారు. వెయా వీపున వెదురు బుట్ట, దాని పట్టీ నుదుటికి. బుట్టలో అరిటాకులో కట్టిన ఎర్రబియ్యం అన్నం, ఉప్పేసి ఉడికించిన పంది మాంసం, తమలపాకులూ వక్కలూ, లవంగం సిగరెట్లు, చిన్న సీసాలో తాటిసారా. దెల్ఫీనా ముందు, ఆమె భుజాన వేసుకున్న నేత దుప్పటి అంచు పట్టుకుని వెయా వెనక. రోడ్డు మీద పోతే తేలిక. కానీ మొదటి అన్నం బండి ఎక్కకూడదు, కాళ్ళమీదే పోవాలి. అందుకని తోటల్లోంచి పాత బాట పట్టారు.

"బుట్ట నాకివ్వత్తా, కాసేపు."

"కొడుకు కూడు. నేనే మొయ్యాలి."

"వండింది నేను."

"వండితే? సంతలో హోటలువాడు కూడా వండి పెడతాడు. వాణ్ణి కూడా పెళ్ళామే అందామా?"

దెల్ఫీనాకు ఒళ్ళు మండింది. దుప్పటి లాక్కుని వెనక్కి తిరిగి పోదామనిపించింది. కానీ వెనకున్నది గుడ్డి మనిషి, పైగా పొద్దున్నించీ ఏమీ తినలేదు. నడిచింది. లవంగం తోటలు దాటి బాట నిటారయ్యాక మళ్ళీ నోరు విప్పింది.

"అత్తా, ఒక్క మాటడుగుతాను."

"కొండెక్కేటప్పుడు మాటలు దాచుకోవాలి. ఊపిరి ఖర్చు."

"ముసలివాళ్ళ మడుగులో పిలిస్తే నీకేం పోతుంది? మామయ్య ఉన్నాడు అక్కడ. నువ్వు పోయినా అక్కడికే పోతావు. కొడుకుని చూసుకుంటావు. నీకూ మంచిదే కదా?"

వెయా దుప్పటి అంచు పట్టుకున్న చెయ్యి ఒక్కసారి బిగిసింది. "నడు," అన్నది.

"నేను అతని పక్కలో..."

"నోర్ముయ్. తల్లికి చెప్పే మాటేనా అది?" అని, నాలుగడుగులు వేశాక, "సిగ్గూ లేదు ఎగ్గూ లేదు," అని తనలో తాను గొణుక్కుంది. ఆ గొణుగుడులో కోపం కంటే నవ్వు పాలే ఎక్కువ. మెన్సి పోయాక ఆమె నవ్వుకు దగ్గరగా రావడం అదే మొదలు.

సరుగుడు చెట్ల కిందికి వచ్చేసరికి పొద్దు బాగా ఎక్కింది. అక్కడ ఒక బండమీద కూర్చున్నారు. వెయా నడుముకు కట్టుకున్న మూటలోంచి ఉడికించిన కర్రపెండలం ముక్క తీసి ఇచ్చింది.

"తిను. ఆదివారం మీ అన్నలొచ్చి, పిల్ల ఎముకలగూడు అయిపోయింది, తిండి పెట్టలేదంటారు."

"నువ్వు?"

"నేను వాడు తిన్నాకే."

చెట్ల పైన ఏదో పిట్ట రకరకాల గొంతులతో కూసింది. ఆ కొండ పిట్టలు మనుషుల గొంతు అనుకరిస్తాయంటారు. వెయా తల ఎత్తి విన్నది. దెల్ఫీనా కూడా విన్నది. ఇద్దరూ ఒకే గొంతు కోసం విన్నారు. పిట్ట కూతే అది, మరేమీ కాదు.

"వాళ్ళ నాన్నకి అన్నం తెచ్చినప్పుడు ఈ చంటోణ్ణి నడుమున కట్టుకుని ఎక్కాను," అన్నది వెయా. "అప్పుడు పైన ఈ మెట్లూ రైలింగులూ ఏవీ లేవు. దారి పొడుగునా అన్నం అడిగాడు. నాన్నది రా, నాన్న తిన్నాక తిందువు గాని అంటే ఏడుపు. చివరికి ఒక ముద్ద పెట్టేశాను. పోయినోడి కూడు బతికినోడికి పెట్టకూడదు. మా అత్త చూసి నా వీపు పగలగొట్టింది."

దెల్ఫీనా చెయ్యి చాచి అత్త చేతిమీద వేసింది. వెయా ఆ చెయ్యి పట్టుకోలేదు, తీసెయ్యనూ లేదు.

కొండ వాకిలి దగ్గర ఇద్దరూ ఆగి వక్కా ఆకూ రాతిమీద పెట్టారు. పోయినవాళ్ళను లోపలికి పంపే కొందె దొర అక్కడే కాపలా ఉంటాడు. ఎవరికోసం వచ్చారో ఆయనకు చెప్పి పోవాలి. వెయా వంగి రాతితో ఏదో గుసగుసలాడింది. దెల్ఫీనాకు ఒక్క ముక్క వినబడింది. "ఆ పిల్లకేం తెలియదు," అంటోంది. తన గురించే అనుకుని దెల్ఫీనా మొహం ముడుచుకుంది.

ఆపైన మంచు మొదలైంది. మొదట చెట్ల మొదళ్ళ దగ్గర, తర్వాత దారిమీద, కాసేపటికి చాచిన చెయ్యి కనబడనంతగా కమ్మింది. గంధకం వాసన ముక్కుకు తగులుతోంది కాబట్టి పైకి వచ్చామని తెలియడమే. దారి రెండుగా చీలే చోట హెర్మన్ కాఫీ అంగడి. పాతికేళ్ళుగా అక్కడే ఫ్లాస్కూ బెంచీ వేసుకుని కూర్చున్న మనిషి.

"ఎవరూ, వెయా వదినా?" అన్నాడు. "ఇవాళ వచ్చావేం? టూరిస్టులంతా మొహాలు వేలాడేసుకుని దిగిపోయారు. అంతదూరం నుంచి వచ్చి మంచుతో ఫొటో దిగి పోయారు పాపం."

"మాకు చూసేదేముంది హెర్మన్? వినేవాడు వింటే చాలు."

హెర్మన్ అడక్కుండానే రెండు గ్లాసులు పోశాడు. బెంచీ చివర మెన్సి కూర్చునే ఖాళీ చోటు వైపు చూశాడు. "ఎప్పుడూ సగం తాగి పోయేవాడు," అన్నాడు. "ఎవరో పిలిచేవాళ్ళు, పరిగెత్తేవాడు." దెల్ఫీనా గ్లాసు దించేసింది. తాగలేకపోయింది.

ఇక్కణ్ణుంచి కుడికి కొంచెం దూరం పోతే పడుచువాళ్ళ మడుగు, దాన్ని ఆనుకుని చెడ్డవాళ్ళది. ఎడమకు మెట్లెక్కి గుట్ట అవతలికి పోతే ముసలివాళ్ళది. ఇది ఆమెకు మెన్సి చెప్పిందే. ఒకసారి వచ్చినప్పుడు ఇక్కడే నిలబెట్టి, చెయ్యి పట్టుకుని చూపించాడు. మనం చివరికి ఎటు పోతాం అని ఆమె అడిగితే, తెలియదా ఏం, పెళ్ళయ్యాక అటు, అని మెట్లవైపు చూపించాడు.

అప్పటిదాకా దెల్ఫీనా మనసులో మోసం లేదు. నిజం. అత్తను బతిమాలి ఒప్పించాలనుకుంది, లేకపోతే ఏడ్చి ఊరుకోవాలనుకుంది. మంచును చూశాక, పక్కన తెల్లపొర కమ్మిన ఆ కళ్ళను చూశాక, ఆలోచన పుట్టింది. పుట్టిన ఆలోచన కాళ్ళలోకి దిగడానికి ఎంతోసేపు పట్టలేదు.

"పద పిల్లా. ఎటు?"

"ఇటు అత్తా," అన్నది దెల్ఫీనా, ఎడమకు తిరిగి.

హెర్మన్ తలెత్తాడు. పడుచువాళ్ళ మడుగని ఊరంతా అనుకుంటున్న సంగతి అతనికీ తెలుసు. దెల్ఫీనా అతని మొహంలోకి చూసింది. చూపుతోనే కాళ్ళు పట్టుకుంది. అతను ఫ్లాస్కు మూత బిగించడం మొదలుపెట్టాడు, అదివరకే బిగించి ఉన్న మూతను.

మెట్లమీద వెయా ఆయాసపడుతూ, "ఇన్ని మెట్లున్నాయా?" అన్నది.

"కొత్తగా కట్టారు."

"వేలెడు దూరానికి ఇన్ని మెట్లా? ప్రభుత్వం సొమ్ము," అని ఎక్కింది. నమ్మేసింది. ఆ నమ్మకమే దెల్ఫీనాకు ముల్లై గుచ్చుకుంది. అయినా ఆగలేదు.

రైలింగు చేతికి తగిలాక వెయా నిలబడింది. అవతల అంతా తెలుపు. లోతున ఎక్కడో నీళ్ళున్నాయని చల్లదనం చెబుతోంది.

"ఇదేనా?"

"ఇదే."

"నీళ్ళు కనబడుతున్నాయా? ఏ రంగున్నాయి?"

పడుచువాళ్ళ మడుగు నీలంగా ఉంటుందని పసిపిల్లలకు కూడా తెలుసు. "నీలంగా ఉన్నాయత్తా," అన్నది దెల్ఫీనా.

వెయా బుట్ట దించి, తడుముకుంటూ అరిటాకు పరిచింది. అన్నం పెట్టి, మాంసం పెట్టి, సారా ఆకు చుట్టూ పోసింది. సిగరెట్టు ముట్టించి, ఒక దమ్ము లాగి, రాతిమీద ఆనించింది. లేచి, రెండు చేతులూ నోటి చుట్టూ పెట్టుకుని పిలిచింది.

"మెన్సీ... ఓ మెన్సీ... నేన్రా, అమ్మను. ఆలస్యం చేశాను, కోప్పడకు. అన్నం తెచ్చాను, దిగు. నీ ఈడువాళ్ళు ఉన్నారు, వాళ్ళతో ఆడుకో. ఇంట్లో నీకోసం కట్టుబడి కూర్చున్నవాళ్ళు ఎవరూ లేరు. నువ్వు కూడా ఎవరి దారీ చూడకు. నా దారి కూడా చూడకురా."

సిలువ గీసుకుని కూర్చుంది.

దెల్ఫీనా కన్నీళ్ళు తుడుచుకుంది. ఏడుపు సగం, లోపల ఒక గెలుపు సగం. మాట ఏదైనా అన్నం ఎక్కడో మనిషి అక్కడే. దిగాడు. ముసలివాళ్ళ మడుగులోకే దిగాడు. ఎప్పటికైనా కలుస్తాడు.

పోయినవాడు తిన్నాక మిగిలింది తెచ్చినవాళ్ళు తినాలి. వెయా ఒక ముద్ద దెల్ఫీనా చేతిలో పెట్టి, తానొక ముద్ద తీసుకుంది. కానీ నోట్లో పెట్టుకోలేదు.

"ఇప్పుడు చెబుతాను విను," అన్నది. "ముందు చెబితే నువ్వు సాగనివ్వవు. వాళ్ళ నాన్న పోయేనాటికి నాకు నీ ఈడే. బాగా చూడు నన్ను. ఊరంతా ముసలి వెయా అంటుంది, నువ్వూ అదే అనుకుంటున్నావు. నా జుట్టు నలుపో తెలుపో చెప్పు."

దెల్ఫీనా చూసింది. ఏడాదిగా రోజూ చూస్తున్న తలే. నల్లగా ఉంది.

"ఆయన్ని మా అత్త ముసలివాళ్ళ మడుగులో పిలిచింది. అంతే, నేను ఆ ఇంటి విధవనయ్యాను. ఎవరొచ్చి అడిగినా వెళ్ళడానికి లేదు. వెళ్ళాలనిపించిన రోజులు లేకపోలేదు పిల్లా, అబద్ధమెందుకు. ఒకతను వచ్చాడు కూడా. నేను ముసలివాళ్ళ మడుగులో మొగుడున్నదాన్ని, ఎలా పోతాను? చావు కోసం దాచిపెట్టిన వస్తువులా ఉన్నాను ఆ ఇంట్లో. నిన్ను అలా కూర్చోబెట్టదల్చుకోలేదు. మీ అన్నలొస్తారు, వెళ్ళు. వీడికి పెళ్ళి కాలేదు, నువ్వు ఎవరి పెళ్ళానివీ కాదు. ఎవణ్ణైనా చేసుకో, పిల్లల్ని కను."

"మరి నువ్వు?" అన్నది దెల్ఫీనా. "నువ్వు ముసలివాళ్ళ మడుగుకే కదా పోయేది? నువ్వు కూడా అతన్ని చూడవు."

"చూడను."

"అదీ తెలిసే పిలిచావా?"

"తెలిసే. కొండెక్కినంతసేపూ అదే నమలుకుంటూ వచ్చాను. నువ్వేమో దారంతా అదే గెలికావు. ఒక్కసారికి గుండె రాయి చేసుకున్నాను. అయిపోయింది. తిను."

దెల్ఫీనా చేతిలోని ముద్ద జారి రాతిమీద పడింది.

"అత్తా," అన్నది. మళ్ళీ, "అత్తా, ఇది పడుచువాళ్ళది కాదు."

"ఏమిటి?"

"మెట్లు ఎక్కించి ఇటు తీసుకొచ్చాను. ఇది ముసలివాళ్ళ మడుగు. నీళ్ళు నాకు కనబడనే లేదు. నీలమని అబద్ధం చెప్పాను."

వెయా కదల్లేదు. ఆమె కొడుతుందని దెల్ఫీనా ఎదురుచూసింది. కొడితే బాగుండునని కూడా అనుకుంది. వెయా మెల్లగా మొహం నీళ్ళవైపు తిప్పింది.

"అయితే," అన్నది, చిన్నపిల్ల గొంతుతో, "వాళ్ళ నాన్న దగ్గరున్నాడా?"

దెల్ఫీనా తల ఊపింది. ఊపితే ఆమెకు కనబడదని గుర్తొచ్చి, "ఊఁ," అన్నది.

అప్పుడు వెయా ఏడ్చింది. కొడుకు శవం ఇంటికొచ్చిన రోజున కూడా అంత ఏడవలేదు. ఆ రోజు చుట్టూ మనుషులున్నారు, అన్నీ తనే చూసుకోవాలి. ఇప్పుడు చూసుకోవాల్సిందేమీ లేదు. చేతిలో ముద్ద అలాగే పట్టుకుని, మోకాళ్ళమీద తల పెట్టుకుని, సంతోషానికో దుఃఖానికో తేలకుండా ఏడ్చింది. ఏడ్చి, తల ఎత్తి, తడుముకుని, దెల్ఫీనా చెంప దొరికాక చెళ్ళుమని ఒక్కటి ఇచ్చింది.

"లే," అన్నది. "కొండ దిగకముందు మళ్ళీ పిలవచ్చు. పద ఆ మడుగుకి. మిగిలిన అన్నం కట్టు."

మెట్లు దిగారు. హెర్మన్ అంగడి ముందునుంచి పోతుంటే అతను పని ఉన్నట్టు అటు తిరిగాడు. కుడివైపు దారి చివరికి వచ్చేసరికి గాలి లేచి మంచును చెదరగొట్టింది. కింద, చాలా కింద, పడుచువాళ్ళ మడుగు నీలంగా, నిండుగా, కళ్ళు చెదిరేలా ఉంది. దాన్ని చూస్తే అందులో ఉన్నవాళ్ళకు ఏ లోటూ లేదనిపిస్తుంది. వెయాకు మాత్రం ముందు కొంచెం వెలుగు పెరిగినట్టు తెలిసింది, అంతే.

ఆమె అన్నం పెట్టింది. లేచింది. చేతులు నోటి చుట్టూ పెట్టుకుంది. గాలి వీచింది, ఆగింది. దెల్ఫీనా ఎదురుచూస్తోంది. మళ్ళీ గాలి వీచింది. వెయా చేతులు దించేసింది.

"నావల్ల కాదు."

"అత్తా."

"వాడు వాళ్ళ నాన్న పక్కన కూర్చుని అన్నం తింటున్నాడు. ఊహ తెలిశాక ఎరగడు వాడు నాన్నని. లేచి రారా అని నేనెలా పిలవను? ఒక్కసారి చేశాను. రెండోసారి నాకు నోరు రాదు. నిన్ను బలి పెడుతున్నానని తెలుసు. తెలిసి కూడా నోరు రాదు. నన్ను తిట్టుకో."

"నేను పిలవనా?" అన్నది దెల్ఫీనా. ఎందుకన్నదో ఆమెకే తెలియదు. అత్త మొహం అలా చూడలేక అన్నదేమో.

"ఎవరని చెప్పి పిలుస్తావు? తల్లి పిలవాలి, లేదా పెళ్ళాం పిలవాలి. పెళ్ళానివైతే వాడు ఇక్కడ ఉండడు. కాకపోతే నీ పిలుపు వాడికి వినబడదు."

వెయా ఆకులోని అన్నం తీసి, పేరు పెట్టకుండా, కింద ఉన్న పిల్లలందరికీ అని చెప్పి గుప్పిళ్ళతో విసిరేసింది. ఖాళీ బుట్ట వీపుకు తగిలించుకుంది. ఈసారి దుప్పటి అంచు కాదు, దెల్ఫీనా చెయ్యి పట్టుకుంది.

వాకిలి దాటారు. కొండ దిగడం మొదలైంది. ఇంక మార్పు లేదు.

సరుగుడు చెట్ల నీడ పొడుగైంది. దెల్ఫీనా అనుకున్నది అనుకున్నట్టు జరిగింది. మెన్సి తన మొగుడు. ఆదివారం అన్నలొస్తే ఉత్తచేతులతో పోతారు. సంతోషం కోసం మనసులో వెతుక్కుంది. ఉంది, కానీ చాలా దూరాన ఉంది. మధ్యలో రోజులున్నాయి. రేపుంది, ఎల్లుండి ఉంది, మగ్గం ఉంది, పందులకు కుడితి ఉంది, వచ్చే కోతలున్నాయి, ఆ పై కోతలున్నాయి. తనకింకా ఇరవై రెండేళ్ళే. ఆ సంగతి ఇప్పటిదాకా తోచలేదు.

"అత్తా."

"ఊఁ."

"ముసలితనం రావడానికి ఎంతకాలం పడుతుంది?"

వెయా నడక ఆపలేదు. చెయ్యి మాత్రం ఇంకొంచెం గట్టిగా పట్టుకుంది.

"ఏం చెప్పను కోడలా," అన్నది. "నీ ఈడప్పట్నుంచీ అదే పనిమీదున్నాను. నాకే ఇంకా రాలేదు."